వెన్నెలను అడిగిందెవరు?

గోదావరిఖని నుంచి వంతెన దాటి, ఇందారం మీదుగా మంచిర్యాల దారి పడితే శ్రీరాంపూర్ తగులుతుంది. సింగరేణి క్వార్టర్లు, ఆర్కే గనులకు చీలిపోయే రోడ్లు, షిఫ్టు మారే వేళ ఒక్కసారిగా కిక్కిరిసి మళ్లీ ఖాళీ అయ్యే టీ హోటళ్లు. 2023 మార్చి 30న వచ్చిన ‘దసరా’ సినిమాలోని వీర్లపల్లి కల్పితమైన ఊరే. కానీ ఆ ఊరి మీద పడ్డ బొగ్గు దుమ్ము ఎక్కడిదో ఈ ప్రాంతంవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ సంవాదంలో ఇద్దరే. భూగర్భ గనిలో ఓవర్‌మన్‌గా చేసి దిగిపోయిన మామ ఒకరు, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే మేనకోడలు ఇంకొకరు. ‘దసరా’ను ఇద్దరూ ఒకటికి రెండుసార్లు చూశారు. మామకు ధరణి పాత్ర ప్రాణం. కోడలికి ధరణి మీద కోపమేమీ లేదు. ధరణిని చూసి కళ్లు తుడుచుకుని అక్కడితో ఆగిపోయేవాళ్ల మీదే ఆమె కోపమంతా.

“ధరణిగాడు మన పోరడు బిడ్డా,” అని మొదలుపెట్టాడు మామ. “బుగులు తీరనీకి మందు మరిగినోడు. నలుగుట్ల నోరు తెర్వనోడు. చిన్నప్పట్నుంచి వెన్నెలంటే వానికి పానం. సోపతిగాడు సూరి గూడ ఆ పిల్లనే కోరుకుంటున్నడని తెల్వంగనే మనసుల దాసుకున్నడు. ఒక్కనాడన్న అడ్డం వడ్డడా? ఎంబడి వడ్డడా? గిదిగాక ఇంకేంది ప్రేమంటే?”

మామ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. శ్రీకాంత్ ఓదెల తన మొదటి సినిమాలోనే మన తెరకు అరుదైన కుర్రాణ్ని తెచ్చాడు. నాని వేసిన ధరణి రైళ్ల మీది బొగ్గు దొంగిలిస్తాడు, తాగితే తప్ప ధైర్యం రాదు, ఊళ్లోని సిల్క్ బార్‌లో ఎవరు లోపల కూర్చోవాలో ఎవరు బయట నిలబడాలో కులం తేల్చి చెప్పే లోకంలో పెరుగుతాడు. తనదని చెప్పుకునేందుకు ఆ పిల్లాడి దగ్గర పెద్దగా ఏమీ లేదు. పైకి చెప్పని ఇష్టం ఒక్కటే ఉంది. దాన్నీ దోస్తు కోసం వదిలేస్తాడు. లోకం తెలియని పిల్లాడికి మొదటిసారి ఇంకో మనిషి తనకంటే ముఖ్యమనిపించడం చిన్న విషయం కాదు. మామ పట్టుకున్నది ఆ కొసనే.

“అడ్డం పడలేదు, నిజమే,” అంది కోడలు. “మరి అడిగిండా మామా? ఇద్దరు దోస్తులు ఒక పిల్ల సంగతిని మనసులనే తెంపుకున్నరు. ఒకడు ఇడిసిపెట్టిండు, ఇంకొకడు అందుకున్నడు. ఇడిసినోనికి త్యాగమని పేరొచ్చింది. తనది కాని దాన్ని ఇచ్చుడు త్యాగమెట్లయితది? వెన్నెల సూరిని ఇష్టపడ్డది గనుక కథ సాఫీగ నడిచింది. ఆమెకు ఇద్దరూ వద్దనుకుంటే? అసలు పెండ్లే వద్దు, అంగన్‌వాడీల పిల్లలకు చదువు చెప్పుకుంట ఉంట అనుకుంటే?”

“సినిమా అనుకున్నవా, కౌన్సెలింగ్ అనుకున్నవా? అన్నీ అడుక్కుంట పోతే కథ యాడుంటది?”

“కథ ఉంటది. ఇంకో కథ ఉంటది.”

మామ కాసేపు ఊరుకుని గని వైపు నుంచి వాదన ఎత్తుకున్నాడు. మనసు సంగతి తర్వాత, ఇక్కడ ముందు పలికేది నౌకరి అని ఆయన లెక్క. ఆ లెక్కలో నిజముంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు వచ్చింది. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చే వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల దారి తెరుచుకుంది. అంటే తండ్రి ఉద్యోగంలో ఉండగానే చనిపోవాలి, లేదా మెడికల్ బోర్డు ఆయన్ను పనికి అనర్హుడని తేల్చాలి. కాలనీలో పాతికేళ్ల కుర్రాడి పెళ్లి మాట అతని తండ్రి ఊపిరితిత్తుల మీదా మోకాళ్ల మీదా ఆధారపడి ఉండటం ఇక్కడ వింతేమీ కాదు. ‘దసరా’ మొదటి సగం కూడా బార్‌లో క్యాషియర్ పని చుట్టూ, ఆ పనితో ముడిపడ్డ పెళ్లి మాట చుట్టూ తిరుగుతుంది.

“గందుకే చెప్తున్న,” అన్నాడు మామ. “నౌకరి లేని పోరడు పిల్లను అడుగడు. అడిగే ముఖం లేదనుకుంటడు. ఆని మౌనం ఆని తప్పు గాదు, పేదరికం. నువ్వు దాన్ని గూడ నేరం చేస్తున్నవ్.”

ఇది కోడలికి తగిలింది. ఆమె క్లాసులో అలాంటి పిల్లలున్నారు. వెనక బెంచీలో కూర్చునే వాళ్లలో సగం మంది ఇంగ్లిష్ రాదని ఒక అమ్మాయితో మాట్లాడటానికే భయపడతారు. కులం అడ్డొస్తుందని ముందే వెనక్కి తగ్గేవాళ్లూ ఉన్నారు. ఆ సిగ్గు ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకు తెలుసు.

“ఒప్పుకుంట,” అంది. “మౌనం నేరమని అంటలేను. మౌనాన్ని మనం గొప్ప చేస్తున్నమని అంటున్న. ఎందుకంటే ఆ మౌనం యాడికి పోయిందో చూడు. సూరి సచ్చిపోయిండు. ఆమె ఏడుపు ఇంకా ఆగలేదు. గాజులు, పసుపుకుంకుమలు తీసే తంతు నడుస్తున్నది. ధరణి వచ్చి ఆమె మెడల పుస్తె కట్టిండు. ఊరు బిత్తరపోయింది, ఆమె గూడ బిత్తరపోయింది. ఇన్నేండ్లు దాసుకున్న మాట నోటినుంచి రాలేదు, చేతులల్లకు వచ్చింది. గప్పుడు గూడ అడుగలేదు.”

“ఆమెను విధవరాలిని చేసి మూలకు కూసోవెట్టకుంట కాపాడిండు!”

“ఒక ఆచారం నుంచి కాపాడనీకి ఇంకో ఆచారం మెడల వేసిండు.”

“నీకు ఆని మనసు కనవడుతలేదు.”

“మనసు కనవడుతున్నది మామా. బాగనే కనవడుతున్నది. సినిమా మొత్తం ఆని మనసే గదా. విలన్ చిన్న నంబిని తీస్కో. ఆనికీ వెన్నెల మీద కన్ను. ఆనిదీ ఒకవైపు కోరికనే. ఆ కోరికకే సూరి బలైండు. నంబి మనసుల విషం, ధరణి మనసుల తేనె. గది నేను కాదంటలేను. కానీ ఇద్దర్ల ఒక్కడన్న ఆమెను నీకేం కావాలె అని అడిగిండా?”

మామకు ఇక్కడ నిజంగా కోపమొచ్చింది. ధరణిని నంబితో ఒక గాటన కట్టడం ఆయన దృష్టిలో పాపం. నంబి చంపించాడు, ధరణి తన ఇష్టాన్ని చంపుకున్నాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని చూడలేకపోతే ఇక మంచి చెడ్డ అనే మాటలకు అర్థమే లేదన్నాడు. పైగా దర్శకుడు వెన్నెల బాధను దాచలేదనీ, పుస్తె పడగానే ఆమె కరిగిపోయినట్టు చూపించలేదనీ గుర్తుచేశాడు. కీర్తి సురేశ్ ముఖంలో ఆ సీన్ తర్వాత కనిపించేది ప్రేమ కాదు, నమ్మినవాడే ఇలా చేశాడన్న దెబ్బ. ఆ మాట నిజమే. సినిమా మీద కోడలి ఫిర్యాదు సగానికి సగం ఆ నటన వల్లే సాధ్యమైందని కూడా చెప్పాలి. మామూలు సినిమాలో అయితే అక్కడ పాట వచ్చేది.

మాట ‘ఆర్య’ మీదికి మళ్లింది. మళ్లక తప్పదు, వన్‌సైడ్ లవ్ అనే మాటను తెలుగు కుర్రాళ్ల నోట ఊతపదం చేసిన సినిమా అదే. 2004 మే 7న విడుదలైంది. లెక్కల లెక్చరర్‌గా పనిచేసి సినిమాలకు వచ్చిన సుకుమార్‌కు దర్శకుడిగా అది మొదటిది. అందులో గీతను ప్రేమించమని అజయ్ బెదిరిస్తాడు, ఒప్పుకోకపోతే దూకి చస్తానంటాడు. ఆమె భయంతో సరేనంటుంది. ఆర్య అలా కాదు. నువ్వు నన్ను ప్రేమించకపోయినా ఫర్వాలేదు, నా ప్రేమ నీకు తెలిస్తే చాలంటాడు.

“తేడా చూసినవా?” అన్నాడు మామ. “ఒకడు బెదిరించి గుంజుకున్నడు. ఇంకొకడు ఏమీ అడుగలే.”

“ఏమీ వద్దన్నోడు సినిమా అయిపోయేదాక ఆమె ఎంబడే ఉన్నడు గదా! ఏమీ వద్దన్నోనికి బాకీ ఎట్ల తీరుస్తం? అడిగినోనికి లేదని చెప్పొచ్చు. అడుగనోనికి ఏమని చెప్పాలె? మా పోరగాండ్లు ఆ సినిమాల నుంచి నేర్చుకున్నదేందో ఎరుకనా? ఓపిక పట్టాలె, రోజూ కనవడాలె, ఎండల నిలవడాలె, ఎప్పటికైనా పిల్ల కరుగుతది అని. ఆమె వద్దన్నది ఆళ్లకు జవాబు లెక్క వినవడది, పరీక్ష లెక్క వినవడ్తది.”

“పోరగాండ్లే గట్లుంటరా? ఆడపిల్లలు వన్‌సైడ్ లవ్ చెయ్యరా?”

“చేస్తరు. మరి సినిమా ఆళ్లను ఏం చేసింది?”

కోడలు ‘నరసింహ’ ఎత్తింది. 1999లో తమిళ ‘పడయప్పా’ తెలుగులోకి ఆ పేరుతో వచ్చింది. రమ్యకృష్ణ వేసిన నీలాంబరి కోరుకున్నవాడు దక్కలేదు, పట్టు విడవలేదు. ఆర్య పట్టు విడవకపోతే హీరో, నీలాంబరి పట్టు విడవకపోతే విలన్. అక్కడితో ఆగకుండా ఆమె గోదావరి వెంట కిందికి పోయి భద్రాచలం దగ్గరి పర్ణశాల దాకా వెళ్లింది. శూర్పణఖ వచ్చి తన కోరిక చెప్పింది ఆ ఒడ్డునే అని మన జనం నమ్మకం. అన్న తమ్ముడి దగ్గరికి పంపాడు, తమ్ముడు అన్న దగ్గరికి పంపాడు. ఇద్దరూ ఆమెతో పరిహాసమాడారు, చివరికి ముక్కూ చెవులూ పోయాయి.

పోలిక కొంచెం వంకరగానే ఉంది. నీలాంబరి పగబట్టి మనుషుల జీవితాలతో ఆడుకుంది, శూర్పణఖ సీత మీదికి ఉరికింది. కోరిక తీరకపోవడం ఒక్కటే వాళ్ల నేరం కాదు. మామ ఆ లొసుగును పట్టుకోకుండా వదల్లేదు. దానికి తోడు తన వైపు సాక్షిగా ఒక ఆడమనిషినే తెచ్చాడు, ‘దేవదాసు’లో చంద్రముఖిని.

“శరత్ బాబు రాసిన పుస్తకం నేను మా యూనియన్ ఆఫీసుల చదివిన. సినిమాల లలిత ఏసింది. పార్వతికన్న దేవదాసు మనసు దక్కింది. చంద్రముఖికి ఏం దక్కింది? ఏమీ దక్కలే. కానీ ఆ మనిషి బతుకే మారిపాయె. కొఠా ఇడిసిపెట్టింది, సాదాసీదగ బతికింది. ఎవలి మీద పగవట్టలే. దక్కని ప్రేమ మనిషిని ఆగం జేస్తదని నువ్వంటవ్. మనిషిని నిలవెడ్తది గూడ.”

శరత్ చంద్ర నవల 1917లో అచ్చయింది, వేదాంతం రాఘవయ్య తెలుగు సినిమా 1953లో వచ్చింది. ఈ డెబ్బై ఏళ్లలో తాగి పాడే దేవదాసును కుర్రాళ్లు లెక్కలేనన్ని సార్లు అనుకరించారు. చంద్రముఖిని అనుకరించిన మగపిల్లాడు ఎక్కడా కనిపించడు. ఆ కథలో అసలైన ఒకవైపు ప్రేమ ఆమెదే. దేవదాసును పార్వతి ప్రేమించింది, చేయి జారనిచ్చింది అతనే.

“చంద్రముఖి విషయంల నీతోనే ఉన్న,” అంది కోడలు. “ఆమె ఎవరి మెడలా పుస్తె కట్టలేదు.”

తర్వాత చాలాసేపు సినిమాల ఊసు లేదు, కోడలు వరంగల్ సంగతి ఎత్తింది. 2008 డిసెంబర్ 10న వరంగల్‌లో కాలేజీ నుంచి స్కూటర్ మీద ఇంటికి పోతున్న ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ముగ్గురు నిందితుల్లో ఒకడు ఆ ఇద్దరిలో ఒకమ్మాయి వెంటపడి కాదనిపించుకున్నవాడు. మూడు రోజులకు, 13న ఆ ముగ్గురూ పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసులకు పూలదండలు వేశారు. నెలాఖరుకు ఒక అమ్మాయి ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. అప్పుడు డిగ్రీ చదువుతున్న కోడలికి ఇంట్లో నెల రోజులపాటు ఒంటరిగా గడప దాటనివ్వని సంగతి ఇంకా గుర్తుంది.

“గట్లాంటోళ్లను ధరణితోని ఎందుకు కలుపుతున్నవ్?” అన్నాడు మామ. గొంతులో ఇందాకటి జోరు లేదు. “వెయ్యి మంది పోరగాండ్లు మనసుల వెట్టుకోని కుమిలిపోతరు. ఒకడు రాక్షసుడైతడు. ఆ ఒక్కణ్ని చూపిచ్చి వెయ్యి మందిని అనుమానిస్తవా?”

“అనుమానిస్తలేను. ఆ ఒక్కడు యాడ తయారైండో అడుగుతున్న. మూడు రోజులల్ల ఎన్‌కౌంటర్ అయింది, కేసు ఒడిసింది. ఆ పోరడు మొదటిసారి ఆమె ఎంబడి పడ్డప్పుడు ఎవరేమన్నరు? ఆని దోస్తులు నవ్విన్రా, వద్దన్నరా? కాలేజీల ఎవరికి తెలుసు? ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలె? గవన్నీ ఆళ్లతోనే మట్టిల కలిసిపాయె. నీ వెయ్యి మందిల ఒకణ్ని ఆపనీకి గా జవాబులే కావాలె మామా.”

ఇక్కడ ఆమె తన దగ్గరున్న ఒక పరిశోధనను బయటికి తీసింది. 1993లో అమెరికాలో రాయ్ బౌమైస్టర్, సారా వాట్‌మన్, ఆర్లీన్ స్టిల్‌వెల్ అనే మనస్తత్వవేత్తలు మనుషులచేత రెండేసి అనుభవాలు రాయించారు. తాము ప్రేమించి కాదనిపించుకున్నది ఒకటి, తమను ప్రేమించినవాళ్లను కాదన్నది ఇంకొకటి. కాదనిపించుకున్నవాళ్ల రాతల్లో బాధతో పాటు తీపి కూడా ఉంది. అవతలివాళ్లే ఆశపెట్టారనీ, కుదరదని ఎన్నడూ తేటగా చెప్పలేదనీ రాసుకున్నారు. కాదన్నవాళ్ల రాతల్లో తీపి దాదాపు లేదు. తామేమీ ఆశపెట్టలేదని చెబుతూనే అపరాధభావంతో నలిగారు, వెంటపడటం ఆగకపోతే విసిగిపోయారు. ప్రేమించేవాడు ఎలా ఉండాలో కథలు, పాటలు, సినిమాలు కావలసినన్ని నేర్పుతాయి. కాదనాల్సి వచ్చిన మనిషి ఏ మాటతో మొదలుపెట్టాలో ఎవరూ నేర్పలేదు. ఆ పరిశోధకులు గట్టిగా చెప్పిన సంగతి ఇదే.

“అందుకే మా పిల్లలు నవ్వి ఊరుకుంటరు, లేకుంటే అన్నా అని పిలుస్తరు, లేకుంటే మా ఇంట్ల ఒప్పుకోరు అంటరు. నాకు ఇష్టం లేదు అనే మాట మాత్రం నోట్లెకెల్లి రాదు. ఎందుకు రాదో వరంగల్ తర్వాత ఏ ఆడపిల్లనైనా అడుగు.”

చట్టం మాత్రం ఈ మాట కోసమే ఎదురుచూస్తుంది. 2013లో శిక్షాస్మృతిలో చేరిన 354డి సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్‌గా ఉంది. అమ్మాయి తనకు ఆసక్తి లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే వెంటపడితే, మాట కలపాలని చూస్తే నేరం. మొదటిసారి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలై మరుసటేడు తెలంగాణ అంతటికీ వచ్చిన పోలీసు షీ టీమ్‌లు మఫ్టీలో తిరుగుతూ పట్టుకున్న కుర్రాళ్లను తల్లిదండ్రుల ముందు కూర్చోబెట్టి మాట్లాడతాయి. శ్రీరాంపూర్ రామగుండం కమిషనరేట్ కిందికి వస్తుంది, ఇక్కడా ఆ టీమ్‌లున్నాయి.

“పోలీసు, జైలు. గంతేనా నువ్వు పోరనికిచ్చేది?” మామ మళ్లీ పుంజుకున్నాడు. “ఆ పిల్లకు మాట నేర్పియ్యి, మంచిదే. మరి ఆ మాట విన్న పోరడు ఇంటికి పోయి ఏం చెయ్యాలె? తండ్రికి చెప్పలేడు, తల్లికి చెప్పలేడు. దోస్తులకు చెప్తే సీసా తెస్తరు. ఇంకొంతమంది రైలు పట్టాల దిక్కు పోతరు. ఈ పట్టాల పక్కనే పుట్టి పెరిగినోణ్ని, నాకు ఎరుకలేదా?”

ఈ ప్రశ్న చాలా పాతది. 1774లో జర్మన్ రచయిత గెథే ‘వెర్థర్’ నవల అచ్చయింది. ఇంకొకరికి నిశ్చయమైన అమ్మాయిని ప్రేమించి, బాధ తట్టుకోలేక కాల్చుకుని చనిపోయే యువకుడి కథ. ఐరోపా కుర్రాళ్లు వెర్థర్ వేసుకున్న నీలం కోటు, పసుపు వెయిస్ట్‌కోటు కుట్టించుకున్నారు. అనుకరించి చనిపోతారన్న భయంతో మరుసటేడు లైప్‌జిగ్ నగరం పుస్తకాన్నీ ఆ దుస్తులనూ నిషేధించింది. కథకు మూలం గెథే బతుకులోనే ఉంది. 1772 వేసవిలో వెట్స్‌లార్‌లో షార్లొట్ బుఫ్ అనే అమ్మాయి మీద మనసుపడ్డాడు, ఆమెకు కెస్ట్‌నర్‌తో పెళ్లి కుదిరి ఉంది, గెథే ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఆ శరదృతువులోనే అతని పరిచయస్తుడు యెరూజలెం పెళ్లయిన మరో స్త్రీని ప్రేమించి, కెస్ట్‌నర్ దగ్గరే పిస్తోళ్లు అరువు తెచ్చుకుని ప్రాణం తీసుకున్నాడు. గెథే రెండింటినీ కలిపి నవల రాశాడు.

కోడలు ఈ కథ చెప్పగానే మామ అందుకున్నాడు. “చూసినవా, రాసినోడు బతికిండు! ఎన్నేండ్లు బతికిండు?”

“ఎనభై రెండు.”

“గదీ! కడుపుల ఉన్నది కాయితం మీదికి వచ్చింది, మనిషి దక్కిండు. మా బాయిల గూడ గంతే. పనికి దిగంగనే కప్పును కట్టెతోని తట్టి చూస్తం. గట్టిగుంటే ఒక సప్పుడు, లోపల బోలుగుంటే ఇంకో సప్పుడు. తట్టకుంట కిందికి పోయినోడే సస్తడు. పోరణ్ని గూడ ఎవలన్న తట్టి చూడాలె. మీ కాలేజీల ఎవలున్నరు తట్టెటోళ్లు?”

కోడలి దగ్గర సూటి జవాబు లేదు. కాలేజీలో జువాలజీకి మనిషి ఉన్నాడు, ఫిజిక్స్‌కు మనిషి ఉన్నాడు, దీనికి లేడు. 14416కు ఫోన్ చేస్తే మానసిక సాయం చేసే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, 2022 అక్టోబర్ నుంచి ఆ సేవ ఉంది. ఆ నంబరు ఆమె బోర్డు మీద రాసింది కూడా. రాసిన రోజు క్లాసంతా పక్కపక్కన చూసుకుని నవ్వింది. ఎవరైనా దాన్ని నోటు చేసుకున్నారో లేదో ఆమెకు తెలియదు.

అయినా ఆమె సబ్జెక్టు ఆమెను ఊరుకోనివ్వలేదు. కాదనిపించుకున్న బాధ నటన కాదని మామతో ఒప్పుకుంది. హెలెన్ ఫిషర్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రేమించినవాళ్లు వదిలి వెళ్లినా మరవలేకపోతున్న 15 మంది మెదళ్లను స్కాన్ చేశారు. ఆ మనిషి ఫొటో చూపించగానే మత్తుమందు కోసం తపించేవాళ్లలో కదిలే భాగాలే కదిలాయి. రోజులు గడిచినకొద్దీ అనుబంధానికి సంబంధించిన ఒక భాగంలో ఆ కదలిక తగ్గుతూ వచ్చింది. చిన్న అధ్యయనమే. పైగా వాళ్లంతా ఒకప్పుడు ప్రేమ అందుకున్నవాళ్లు, ధరణి బాపతు కాదు. కానీ పదిహేడేళ్ల పిల్లాడికి నమ్మడానికి అన్నిటికంటే కష్టంగా తోచేది తన బాధకు గడువు ఉంటుందన్న సంగతే. అది నేర్పడానికి ఏ సినిమా ఆగదు. తెర మీద ఇరవై ఏళ్లు ఒక పాటలో గడిచిపోతాయి.

“గెథే బతికిండు, సంతోషం,” అంది కొసకు. “షార్లొట్‌ను మాత్రం ఎవరడిగిన్రు? పుస్తకం వచ్చినంక ఆమె మొగుడు కెస్ట్‌నర్ మస్తు బాధపడ్డడు, తమ ఇంటి సంగతి బజార్ల పడ్డదని. ఆమె పన్నెండు మంది పిల్లల్ని కన్నది, బతుకంతా లోకానికి ఇంకొకని కథల పిల్ల లెక్కనే మిగిలింది. రాసుకుంటే మనిషి దక్కుతడంటే మా పోరగాండ్లను రాయుమంట. కానీ ఆళ్ల బాధ గాదు, వెన్నెల దిక్కుకెల్లి రాయాలె. పుస్తె పడ్డ రాత్రి ఆమె ఏమనుకున్నదో.”

మామ తల అడ్డంగా ఊపాడు. మగపిల్లల బాధ మీద ముందు చెయ్యి వెయ్యకుండా అవతలివాళ్ల బాధ రాయమంటే ఒక్కడూ మనసు పెట్టడని ఆయన నమ్మకం. ముందు వాళ్ల సంగతి రాయించు, చదివి చింపెయ్యి, తర్వాత వెన్నెల దగ్గరికి తీసుకుపో అన్నాడు. కోడలికి ఆ వరస నచ్చలేదు. మొదటి పేజీ ఎప్పుడూ ధరణిదే అయితే రెండో పేజీ దాకా ఎవరూ రారని ఆమె అనుభవం. వెన్నెల దిక్కుకెల్లి రాయమంటే అందరూ ఆమె ధరణినే ప్రేమించిందని రాసుకొస్తారని కూడా ఆమెకు తెలుసు, ఆ మాటే మామతో అంది.

“రాయనీ,” అన్నాడు మామ. “అందరు గట్లనే రాస్తే తెల్లారి క్లాసుల ఆ కాయితాలు ఆడపిల్లలతోని చదివియ్యి. నువ్వు నోరు తెర్వకు. ఆళ్లేమంటరో పోరగాండ్లను విననీ.”

“ఆడపిల్లలు నోరు తెర్వాలె గదా!”

“గది నువ్వు చూస్కో. టీచరమ్మవు నువ్వా నేనా?”